‘పుట్ ఆఫ్’ ఎలా వాడాలి: అర్థం కోసం కర్మను చూడండి

ఇంగ్లీషు నిఘంటువులో ‘పుట్ ఆఫ్’ దగ్గర ఆగితే అరడజను అర్థాలు వరసగా నిలబడి ఉంటాయి. వాయిదా వేయడం, సాకులు చెప్పి పంపించివేయడం, విముఖత కలిగించడం, ధ్యాస చెదరగొట్టడం, దీపం ఆర్పడం, ఒంటిమీది బట్టలు విప్పడం. వీటిలో ఒకదానికీ మరొకదానికీ చుట్టరికం ఉన్నట్టు పైకి కనిపించదు. చాలామంది ఈ జాబితాను బట్టీ పట్టి, పరీక్షలో ఒప్పజెప్పి, ఆ తరువాత ఏ కథలోనో ఉత్తరంలోనో అదే మాట ఎదురుపడగానే తెల్లమొహం వేస్తారు. ఆరింటిలో ఏది ఇక్కడ పనికొస్తుందో ఎంచుకునే దారిని జాబితా చెప్పదు మరి.

కాబట్టి జాబితాను పక్కన పెట్టండి. వాక్యం కనబడగానే ఒకే ఒక్క ప్రశ్న వేయండి: ‘పుట్ ఆఫ్’ చేసింది దేనిని, లేదా ఎవరిని? కర్మ స్థానంలో ఒక పని ఉందో, మనిషి ఉన్నాడో తేలితే ముప్పాతిక చిక్కు విడిపోతుంది. మిగిలిన పావు కోసం మరి రెండు గుర్తులు ఉన్నాయి, వాటి సంగతి వాటి చోట చెబుతాను.

1. ముందు మాటను రెండుగా విడదీయండి

‘పుట్’ అంటే పెట్టడం. ‘ఆఫ్’ అంటే ఉన్న చోటినుంచి ఎడంగా, దూరంగా. రెండూ కలిస్తే ‘దూరంగా పెట్టడం’. ఇలా క్రియ పక్కన ఒక చిన్న మాట చేరి కొత్త అర్థం పుట్టడం తెలుగువాళ్లకు వింత కాదు. మన ‘పెట్టు’ కూడా ఒంటరిగా ఉన్నప్పుడు ఒకటి, ‘బయటపెట్టు’, ‘మొదలుపెట్టు’, ‘పక్కన పెట్టు’ అన్నప్పుడు మరొకటి. రహస్యాన్ని బయటపెట్టాడు అంటే దాన్ని ఎత్తుకొచ్చి వాకిట్లో దించాడని ఎవరూ అనుకోరు.

ఇంగ్లీషులో ఇలాంటి జంటలను ఫ్రేజల్ వెర్బ్ అంటారు. జంటలు శతాబ్దాల నాటివి, పేరు మాత్రం కొత్తది. లోగన్ పియర్సల్ స్మిత్ అనే వ్యాసకర్త 1925లో తన పుస్తకంలో ఆ పేరు వాడాడు. దాన్ని తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని కూడా రాశాడు. పేరు లేనప్పుడూ జనం వీటితో హాయిగా మాట్లాడుకున్నారు. మీరూ పేరు గురించి బెంగపడనక్కర లేదు.

ఇప్పుడు ‘దూరంగా పెట్టడం’ అనే ఆ ఒక్క భావాన్ని పట్టుకుని అర్థాలన్నిటినీ మరోసారి చూడండి. పనిని ఈ రోజునుంచి దూరంగా పెడితే వాయిదా. వచ్చిన మనిషిని గుమ్మంనుంచి దూరంగా పెడితే సాకు చెప్పి పంపడం. మనసును ఒక విషయంనుంచి దూరంగా పెడితే విముఖత. ధ్యాసను చేతిలో ఉన్న పనినుంచి దూరంగా పెడితే ఏకాగ్రత చెడగొట్టడం. చుట్టరికం ఉంది, కాస్త లోపల ఉంది.

2. కర్మ పని అయితే వాయిదా అనుకోండి

‘దే పుట్ ఆఫ్ ది మీటింగ్’ అంటే సమావేశాన్ని వాయిదా వేశారు. మీటింగ్ చోట పరీక్ష, పెళ్లి, ప్రయాణం, ఆపరేషన్, నిర్ణయం, ఇలా పని గానీ, జరగాల్సిన సందర్భం గానీ ఏది పెట్టినా అర్థం మారదు. ఇంతవరకు సులువే. తప్పులు దొర్లేవి దీని తరువాత వచ్చే మాటల దగ్గర.

మొదటిది, ‘పుట్ ఆఫ్’ తరువాత మరో క్రియ రావలసి వస్తే అది ‘ఇంగ్’ రూపంలోనే రావాలి. డాక్టరు దగ్గరికి వెళ్లడాన్ని వాయిదా వేశాను అనాలంటే ‘ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ది డాక్టర్’. ‘ఐ పుట్ ఆఫ్ టు గో’ అనకూడదు. తెలుగులోనూ ‘వెళ్లడాన్ని’ అని క్రియను నామవాచకంగా మార్చుకునే కదా వాయిదా వేస్తాం. ‘గోయింగ్’ చేసే పని అదే. ఈ పోలిక మనసులో ఉంటే ‘టు’ నోటికి రాదు.

రెండోది, ఎప్పటికి వాయిదా పడిందో చెప్పే మాట. మనం ‘శుక్రవారానికి వాయిదా వేశారు’ అంటాం. ఆ ‘కి’ని చూసి చాలామంది ‘టు ఫ్రైడే’ అంటారు. ‘పోస్ట్‌పోన్’ అయితే ‘టు ఫ్రైడే’ చక్కగా నప్పుతుంది. ‘పుట్ ఆఫ్’ పక్కన మాత్రం ‘అంటిల్ ఫ్రైడే’ లేదా ‘టిల్ ఫ్రైడే’ అనడమే సహజం. ఎంత కాలం అని చెప్పాలంటే ‘ఫర్’ వాడండి: ‘దే పుట్ ఇట్ ఆఫ్ ఫర్ ఎ వీక్’, అంటే వారం పాటు వాయిదా వేశారు. ‘బై ఫ్రైడే’ అనవద్దు. ‘బై’ పెడితే శుక్రవారం లోగా అనే గడువు అర్థం తోసుకొస్తుంది.

మూడోది, కర్మ లేకుండా దీన్ని వదలకూడదు. ‘వాడెప్పుడూ వాయిదా వేస్తూనే ఉంటాడు’ అని తెలుగులో కర్మను మింగేయవచ్చు, వినేవారు సందర్భాన్ని బట్టి పూరించుకుంటారు. ఇంగ్లీషులో ‘హి ఆల్వేస్ పుట్స్ ఆఫ్’ అని ఆపితే వాక్యం ఒంటికాలి మీద నిలబడుతుంది. ‘థింగ్స్’ అని ఒక మాట చేర్చండి చాలు: ‘హి ఆల్వేస్ పుట్స్ థింగ్స్ ఆఫ్’. కర్మ చెప్పకుండా ఆ స్వభావాన్నే చెప్పాలంటే ‘ప్రొక్రాస్టినేట్’ అనే క్రియ వేరే ఉంది.

కాలం విషయంలో ‘పుట్’ కాస్త దొంగ క్రియ. వర్తమానం, భూతం, భూత కృదంతం మూడూ ‘పుట్’ లాగే ఉంటాయి. ‘పుట్టెడ్’ అనేది లేదు. ‘హి పుట్స్ ఆఫ్’ అంటే అలవాటు, ‘హి పుట్ ఆఫ్’ అంటే జరిగిపోయిన సంగతి. తేడా అంతా ఆ ఒక్క ‘స్’ లోనే ఉంది, వినేటప్పుడు చెవి దాని మీద పెట్టండి. ‘ఐ పుట్ ఆఫ్’ అన్నప్పుడు ఆ ఆధారం కూడా ఉండదు కాబట్టి ‘యెస్టర్‌డే’, ‘లాస్ట్ వీక్’ వంటి కాలసూచన చేర్చడం మంచిది. ‘ఇంగ్’ రూపం రాసేటప్పుడు ‘టి’ అక్షరం రెండుసార్లు వస్తుంది.

ఈ అర్థంలో ‘పుట్ ఆఫ్’కు ఒక రుచి ఉంది, దాన్ని గమనించకపోతే మాట సగమే తెలిసినట్టు. ఎవరైనా ‘ఐ కీప్ పుటింగ్ ఇట్ ఆఫ్’ అన్నారంటే అందులో వాయిదాతో పాటు చిన్న సిగ్గు, కొంచెం బద్ధకం, కాస్త భయం కలిసి ఉంటాయి. పన్ను పీకించుకోవడం, క్షమాపణ చెప్పడం, లెక్కలు సరిచూసుకోవడం వంటివి ఈ వాక్యంలో ‘ఇట్’ స్థానానికి సహజంగా తగిన పనులు. దీన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘నేను దానిని వాయిదా వేస్తూ ఉన్నాను’ అని రాస్తే ఆ రుచి పోతుంది. ‘రేపు మాపు అంటూ నెట్టుకొస్తున్నాను’, ‘నాన్చుతున్నాను’, ‘తాత్సారం చేస్తున్నాను’ అంటే దగ్గరగా వస్తుంది.

3. కర్మ మనిషి అయితే ఆగి ఆలోచించండి

‘మి’, ‘హిమ్’, ‘ది విజిటర్స్’, ‘బయ్యర్స్’ వంటివి కర్మగా కనబడితే వాయిదా అర్థాన్ని వెంటనే మనసులోంచి తీసేయండి. మనిషిని ఎవరూ వాయిదా వేయరు. ఇక్కడ అర్థాలు మూడు. వాటిని విడదీయడానికి ఇప్పుడు కర్తను చూడాలి. ముందే చెప్పిన రెండు గుర్తుల్లో ఇది మొదటిది.

కర్త ఒక వస్తువు, గుణం, వాసన, ధర, ప్రవర్తన వంటిదైతే అది విముఖత. ‘ది స్మెల్ పుట్ మి ఆఫ్’: ఆ వాసనకు నాకు రోత పుట్టింది. ‘ది ప్రైస్ పుట్ హిమ్ ఆఫ్’: ధర విని వెనక్కి తగ్గాడు. ‘హిజ్ టోన్ పుట్ హర్ ఆఫ్’: అతను మాట్లాడిన తీరుతో ఆమె మనసు విరిగింది. ఒకే ఇంగ్లీషు మాటకు మూడు వాక్యాల్లో మూడు తెలుగు మాటలు వేయవలసి వచ్చింది చూడండి. వాసనకు రోత, ధరకు వెనకడుగు, మాటకు మనసు విరగడం. వెగటు, విసుగు, విరక్తి, మొహం మొత్తడం అని మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. ‘నిరుత్సాహపరచు’ అనే ఒకే మాటతో అన్నిటినీ అనువదించే అలవాటు నాకు నచ్చదు. వాసన మనల్ని నిరుత్సాహపరచదు గదా.

కర్త మనిషి అయి, పక్కన సాకులో, వాగ్దానాలో కనబడితే అది తప్పించుకోవడం. ‘హి పుట్ మి ఆఫ్ విత్ ఎక్స్‌క్యూజెస్’: ఏవో సాకులు చెప్పి నన్ను పంపించివేశాడు. అప్పు ఇచ్చినవాడు అడగడానికి వస్తే, తీసుకున్నవాడు చేసే పని ఇదే. ‘మాట దాటవేశాడు’, ‘తిప్పించుకున్నాడు’ అనేవి దీనికి బాగా సరిపోతాయి. ఇంటికి వస్తామన్న అతిథులను ఇప్పుడు వద్దు, తరువాత రండి అనడం కూడా ఈ కోవలోదే. అందులో కపటం ఉండనక్కర లేదు.

మనిషి ఏదో పని మధ్యలో ఉన్నప్పుడు ‘పుట్ ఆఫ్’ వస్తే ధ్యాస చెదరగొట్టడం. మీరు దారం సూదిలోకి ఎక్కిస్తుంటే ఎవరో వెనక నిలబడి చూస్తున్నారనుకోండి. ‘డోంట్ స్టాండ్ దేర్, యు ఆర్ పుటింగ్ మి ఆఫ్’ అంటే, అక్కడ నిలబడకు, నా ధ్యాస చెదిరిపోతోంది అని. ఇది బ్రిటిష్ వాడుకలో ఎక్కువ. అమెరికన్ ఇంగ్లీషుకు అలవాటు పడిన చెవికి ఇదే వాక్యం ‘నీ తీరు నాకు నచ్చడం లేదు’ అన్నట్టు వినిపించే అవకాశం ఉంది. అలాంటివారితో మాట్లాడేటప్పుడు ‘డిస్ట్రాక్ట్’ వాడితే గొడవ ఉండదు.

ఇప్పుడు ఈ రెండు వాక్యాలను ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. ఈ మెట్టు మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది.

‘ఐ పుట్ ఆఫ్ బయింగ్ ది హౌస్.’
‘ది ప్రైస్ పుట్ మి ఆఫ్ బయింగ్ ది హౌస్.’

మొదటిదానిలో కర్మ ‘బయింగ్’ అనే పని. ఇల్లు కొనడం వాయిదా పడింది, కోరిక ఇంకా ఉంది. రెండోదానిలో కర్మ ‘మి’, అంటే మనిషి. ధర చూసి కొనాలన్న కోరికే పోయింది. ఇంగ్లీషులో ఒక్క ‘మి’ చేరినందుకు ఇల్లు చేజారిపోయింది.

కర్మణి వాక్యాల్లో కర్మ ముందుకొచ్చి కూర్చుంటుంది కాబట్టి అక్కడ వాక్యం మొదలును చూడాలి. ‘ది ట్రిప్ వాజ్ పుట్ ఆఫ్’ అంటే ప్రయాణం వాయిదా పడింది. ‘ఐ వాజ్ పుట్ ఆఫ్’ అంటే నాకు విముఖత కలిగింది. నేను వాయిదా పడ్డాను అని కాదు.

విముఖత అర్థంలో ఒక వ్యాకరణ గోతి ఉంది. ‘కొనడం నుంచి నన్ను వెనక్కి లాగింది’ అనే తెలుగు ఆలోచన ‘ఫ్రమ్’ను వెంటబెట్టుకొస్తుంది. ‘డిస్కరేజ్’ అనే క్రియకు ఆ ‘ఫ్రమ్’ కావాలి. ‘పుట్ ఆఫ్’కు అక్కర లేదు, ‘ఆఫ్’ లోనే ‘నుంచి’ ఉంది. మనిషి తరువాత ‘ఆఫ్’, ఆ వెంటనే విషయం: ‘ఇట్ పుట్ మి ఆఫ్ మాథ్స్ ఫర్ లైఫ్’. అంటే, దానితో జీవితాంతం లెక్కలంటే విరక్తి పుట్టింది. ఇలాగే ‘పుట్ మి ఆఫ్ మై ఫుడ్’ అంటే తిండి సహించకుండా చేసింది. ‘పుట్ హిమ్ ఆఫ్ హిజ్ స్ట్రైడ్’ అంటే సాఫీగా సాగుతున్నవాడి లయ తప్పించింది. ‘స్ట్రైడ్’ అంటే అంగ, నడకలో వేసే పెద్ద అడుగు.

4. కర్మను ఎక్కడ కూర్చోబెట్టాలో చూసుకోండి

‘పుట్’కూ ‘ఆఫ్’కూ మధ్య చోటు ఉంది. వాయిదా అర్థంలో ఆ చోటును వాడుకోవచ్చు, మానుకోవచ్చు. ‘పుట్ ఆఫ్ ది మీటింగ్’, ‘పుట్ ది మీటింగ్ ఆఫ్’ రెండూ ఒప్పే. సర్వనామం వస్తే మాత్రం ఆ వెసులుబాటు లేదు. ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాల్సిందే, ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. ‘ఇట్’, ‘దెమ్’, ‘మి’, ‘హిమ్’, ‘హర్’, ‘అస్’ అన్నీ మధ్యలోనే కూర్చోవాలి. ‘ఇంగ్’ రూపం దీనికి సరిగ్గా ఎదురు: అది ఎప్పుడూ ‘ఆఫ్’ తరువాతే. ‘పుట్ గోయింగ్ ఆఫ్’ అని ఎవరూ అనరు.

కర్మ పొడుగైతే మధ్యలో ఇరికించకండి. ‘గత నెలలో మనం అనుకున్న ఆ సమావేశం’ అంత పొడుగు మాటను ‘పుట్’కూ ‘ఆఫ్’కూ మధ్య పెడితే, ‘ఆఫ్’ వచ్చేసరికి వినేవారు ‘పుట్’ను మరిచిపోతారు. ఇంగ్లీషు ఇలాంటి బరువైన కర్మలను చివరికి నెట్టేస్తుంది. దీనికి మంచి ఉదాహరణ అందరికీ తెలిసిన సామెత: ‘నెవర్ పుట్ ఆఫ్ టిల్ టుమారో వాట్ యు కెన్ డూ టుడే’. ఈ రోజు చేయగలిగినదాన్ని రేపటికి వాయిదా వేయకు అని. కర్మ ‘వాట్ యు కెన్ డూ టుడే’. అది పొడుగు కాబట్టి ‘టిల్ టుమారో’ దానిని దాటి ముందుకొచ్చేసింది. బడిలో నీతి కోసం నేర్పే ఈ సామెతను వ్యాకరణం కోసం నేర్పితే ఇంకా ఎక్కువ లాభం. నీతికి మన ‘ఆలస్యం అమృతం విషం’ ఎలాగూ ఉంది.

5. ‘వాయిదా’ అనగానే ‘పుట్ ఆఫ్’ వేసేయకండి

ఇప్పటిదాకా ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చాం. తిరుగు ప్రయాణంలో చిక్కు ‘వాయిదా’ది. తెలుగులో ఈ మాట చాలా బరువులు మోస్తుంది, ఇంగ్లీషు ఆ బరువులను వేరువేరు మాటలకు పంచింది.

ఇంకా మొదలుకాని సమావేశాన్ని మరో రోజుకు మారిస్తే ‘పుట్ ఆఫ్’, లేదా ‘పోస్ట్‌పోన్’. రెండింటి ఎముక ఒకటే: ‘పోస్ట్‌పోన్’ లాటిన్‌లో ‘తరువాత పెట్టడం’. తేడా మర్యాదలో ఉంది. ప్రకటనల్లో, అధికారిక ఉత్తరాల్లో ‘పోస్ట్‌పోన్’ నప్పుతుంది. మాటల్లో, స్నేహితుల మధ్య ‘పుట్ ఆఫ్’ హాయిగా ఉంటుంది. విశ్వవిద్యాలయం నోటీసులో ‘పుట్ ఆఫ్’ రాస్తే తప్పు కాదు గానీ పంచెకట్టు మీద టోపీలా ఉంటుంది.

మొదలైన సభను మధ్యలో ఆపి, తరువాత కొనసాగిద్దాం అంటే ‘అడ్జర్న్’. చట్టసభ వాయిదా పడింది, కోర్టు విచారణ వాయిదా పడింది అని పత్రికల్లో చదివే వార్తలు ఎక్కువగా ఈ మాటకు చెందినవి. కోర్టులో ‘వచ్చే నెల ఒకటిన వాయిదా ఉంది’ అంటే అది విచారణ తేదీ, అంటే ‘హియరింగ్’. వాయిదాల పద్ధతిలో డబ్బు కట్టడం ‘ఇన్‌స్టాల్‌మెంట్’. ఈ చివరి రెండింటికీ ‘పుట్ ఆఫ్’తో ఏ సంబంధమూ లేదు. రుణ చెల్లింపు, ప్రవేశం, నిర్ణయం వంటివాటిని అధికారికంగా తరువాతకు జరిపితే ‘డిఫర్’. రైలు ఆలస్యమైతే ‘డిలే’. రైలును ఎవరూ కావాలని వెనక్కి నెట్టలేదు కాబట్టి అక్కడ ‘పుట్ ఆఫ్’ చెల్లదు.

బాగా ప్రమాదకరమైన జోడి ‘పుట్ ఆఫ్’, ‘కాల్ ఆఫ్’. రెండింటిలోనూ ‘ఆఫ్’ ఉంది, రెండూ సమావేశాల గురించే వస్తాయి. ‘పుట్ ఆఫ్’ అంటే తరువాత జరుగుతుంది. ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు, ఇక జరగదు. పెళ్లి విషయంలో ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు.

మరో మెలిక దిశలతో వస్తుంది. బ్రిటిష్ వాడుకలో ‘పుట్ బ్యాక్’ అంటే సమావేశాన్ని ఆలస్యంగా జరపడం. అదే గడియారాన్ని ‘పుట్ బ్యాక్’ చేస్తే ముల్లు గడిచిపోయిన గంటకు వెనక్కి వెళుతుంది. ఒకే మాట సమావేశాన్ని తరువాతి సమయానికి తోస్తుంది, గడియారాన్ని గడిచిన సమయానికి తిప్పుతుంది! ‘ఫార్వర్డ్’ మరీ ఘోరం. బుధవారం జరగాల్సిన సమావేశాన్ని రెండు రోజులు ‘ఫార్వర్డ్’కు జరిపారు, ఇప్పుడు అది ఏ రోజు అని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంగ్లీషు మాట్లాడేవారిని అడిగితే, కొందరు సోమవారం అన్నారు, కొందరు శుక్రవారం అన్నారు. అందుకని తేదీ మార్పు రాసేటప్పుడు దిశను నమ్ముకోకండి. ‘పుట్ ఆఫ్ అంటిల్ ఫ్రైడే’ అని రోజు పేరు రాసేయండి, ఎవరూ పొరపడరు.

అనుకున్న రోజుకంటే ముందే జరపడానికి మన దేశంలో ‘ప్రీపోన్’ వాడతాం. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా దీనికి చోటిచ్చింది, నా ఉద్దేశంలో చక్కటి మాట. కానీ బయటి దేశాలవారిలో చాలామందికి ఇది అలవాటు లేదు కాబట్టి వారితో ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అనండి. ఇందులోనూ ‘ఫార్వర్డ్’ ఉందే అంటారా? ‘బ్రింగ్’ తోడుంటే తికమక తక్కువ, మనవైపు తెస్తున్నారని తెలుస్తుంది. అయినా రోజు పేరు రాయడం మానకండి.

6. దీపం దగ్గర, చెప్పుల దగ్గర జాగ్రత్త

‘పుట్ ఆఫ్ ది లైట్’ మనవాళ్ల నోట తరచు వినబడుతుంది. దీన్ని పచ్చి తప్పు అనలేం, కొన్ని నిఘంటువుల్లోనూ ఈ అర్థం ఉంది. అయినా ‘స్విచ్ ఆఫ్’, ‘టర్న్ ఆఫ్’ ఎక్కడైనా చెల్లుతాయి, వాటిని అలవాటు చేసుకోవడం మేలు. నిప్పు, కొవ్వొత్తి, సిగరెట్ ఆర్పడానికి ‘పుట్ అవుట్’. మంటను ‘పుట్ ఆఫ్’ చేయమంటే, తరువాత అంటించమంటున్నారేమో అనిపించవచ్చు.

బట్టల సంగతి చిత్రంగా ఉంటుంది. ‘పుట్ ఆన్’ అంటే తొడుక్కోవడం కాబట్టి, ‘పుట్ ఆఫ్’ అంటే విప్పడం అయి ఉండాలని ఎవరికైనా తోస్తుంది. ఒకప్పుడు అలాగే ఉండేది. 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిల్‌లో, మండుతున్న పొద దగ్గర చెప్పులు విడవమని దేవుడు మోషేతో చెప్పే చోట ఉన్నది ‘పుట్ ఆఫ్’ అనే మాటే. ఆ వాడుక ఇప్పుడు పాతబడింది. చొక్కా, చెప్పులు, కళ్లద్దాలు ఏవి తీసినా నేటి ఇంగ్లీషులో ‘టేక్ ఆఫ్’. పాత పుస్తకాలు చదివేటప్పుడు మాత్రం కర్మగా దుస్తులు కనబడితే ఈ పాత అర్థాన్ని గుర్తుచేసుకోండి.

7. నోటికి, చేతికి అలవాటు చేయండి

‘పుట్’లోని అచ్చు మన ‘పు’ లాంటిదే. ‘బట్’, ‘కట్’ చూసి ‘పట్’ అనకండి, అది గోల్ఫ్ ఆటలోని మరో మాట. ‘పుట్’, ‘ఆఫ్’ రెండూ కలిపి పలికితే విరామం ఉండదు, ‘పుటాఫ్’ అని వినిపిస్తుంది. ఊనిక రెండోదాని మీద: ‘పుట్ ఇట్ ఆఫ్’లో గొంతు పెరిగేది ‘ఆఫ్’ దగ్గరే.

రాతలో ఎక్కువమంది జారేది ‘ఎఫ్’ దగ్గర. తెలుగు లిపిలో రెండు వేరు మాటలను ‘ఆఫ్’ అనే రాస్తాం. ‘యొక్క’ అనే అర్థం ఉన్నదానికి ఒకే ‘ఎఫ్’, దాని ఉచ్చారణ ‘వ్’కు దగ్గర. మన ‘పుట్ ఆఫ్’ లోనిదానికి రెండు ‘ఎఫ్’లు, పలికేది ‘ఫ్’. ఒక ‘ఎఫ్’ ఎగిరిపోతే కంప్యూటర్‌లోని అక్షరదోషాల సాధనం కూడా పట్టుకోకపోవచ్చు, ఎందుకంటే మిగిలినదీ మాటే.

విముఖత అర్థం నుంచి ‘ఆఫ్-పుటింగ్’ అనే విశేషణం పుట్టింది. రెండు ముక్కలూ తారుమారై, మధ్యలో అడ్డగీత వచ్చింది. ‘యాన్ ఆఫ్-పుటింగ్ మ్యానర్’ అంటే ఎదుటివారికి వెగటు కలిగించే తీరు. వాయిదా అర్థానికి ఇలాంటి విశేషణం లేదు, కాబట్టి వాయిదా పడిన సభను ‘ఆఫ్-పుటింగ్ మీటింగ్’ అంటే ఆ సభ మీద మీకున్న అభిప్రాయం బయటపడుతుంది.

8. ఇప్పుడు మీరే తేల్చండి

కింది వాక్యాలకు అర్థం చెప్పేముందు ప్రతిదానిలోనూ కర్మ కింద వేలు పెట్టండి. జవాబులు వెంటనే ఇచ్చాను, చేయి అడ్డం పెట్టుకుని చదవండి.

‘షి పుట్ ఆఫ్ హర్ ఎగ్జామ్ అంటిల్ జూన్.’ కర్మ పరీక్ష. పరీక్షను జూన్‌కు వాయిదా వేసుకుంది.

‘ది లాంగ్ క్యూ పుట్ అస్ ఆఫ్.’ కర్మ ‘అస్’, మనుషులం. కర్త వరస. అంత పెద్ద వరసను చూసి మానుకున్నాం.

‘ది నాయిస్ పుట్ ది ప్లేయర్ ఆఫ్ యాజ్ హి వాజ్ సర్వింగ్.’ కర్మ ఆటగాడు. బంతి విసిరి కొట్టబోతున్నాడు, అంటే పని మధ్యలో ఉన్నాడు. చప్పుడుకు ధ్యాస చెదిరింది. కర్త చప్పుడు కాబట్టి విముఖత అనుకోబోతారు. కర్తను చూడటం ఒక గుర్తయితే, మనిషి ఆ క్షణాన ఏం చేస్తున్నాడో చూడటం రెండో గుర్తు. రెండూ పోటీపడితే రెండోదే గెలుస్తుంది.

‘డోంట్ లెట్ హిజ్ లుక్స్ పుట్ యు ఆఫ్.’ అతని వాలకం చూసి వెనక్కి తగ్గకు.

‘వి కాంట్ పుట్ ఆఫ్ టెల్లింగ్ హిమ్ ఎనీ లాంగర్.’ కర్మ ‘టెల్లింగ్’, చెప్పడం. అతనికి చెప్పడాన్ని ఇక నాన్చలేం. ‘హిమ్’ను చూసి మనిషి కర్మ అనుకున్నారా? ఆ ‘హిమ్’ ‘టెల్లింగ్’ సొత్తు, ‘పుట్ ఆఫ్’ది కాదు.

‘హి పుట్ మి ఆఫ్.’ దీనికి జవాబు ఒక్కటి లేదు. సాకు చెప్పి పంపించాడు, విముఖత కలిగించాడు, ధ్యాస చెదరగొట్టాడు, మూడూ కుదురుతాయి. కర్తా మనిషే, కర్మా మనిషే, చేస్తున్న పని ఏదో వాక్యంలో లేదు. దాని ముందు వాక్యం చదవండి, అది దొరక్కపోతే చెప్పినవారినే అడగండి.